ఊరొదిలినోడు ఊరి నవల రాయొచ్చా? స్టీవెన్సన్ సమోవా బతుకు చదివినాక వచ్చిన అనుమానం

వింజమూరు డ్రైవరు
చెల్లెలి పెళ్ళి అప్పు తీరుద్దామని కువైట్ వచ్చినా, 11 ఏళ్ళయింది. పిల్లల్ని బడికాడ దించినాక మధ్యాన్నం దాకా బండిలోనే కూర్చోవాల. ఆ ఖాళీలో మా ఊరి మీద నవల రాస్తా ఉండాను. ఫోన్లోనే 140 పేజీలయింది. మొన్న సెలవకి వచ్చినప్పుడు మా బావకి చదివి వినిపించినా. అంతా విని, "ఈ ఊరు ఇప్పుడు లేదు బావా. నువ్వు పొయ్యేటప్పుడు మూటగట్టి ఎత్తకపొయినావు" అన్నాడు. తిరిగొచ్చి రెండు నెలలు, ఒక్క లైను రాయలా.

ఈ మధ్య స్టీవెన్సన్ గురించి చదివినా. ట్రెజర్ ఐలాండ్ రాసినాయన. స్కాట్లండు మనిషి. చివరి నాలుగేళ్ళు పసిఫిక్ సముద్రంలో సమోవా దీవిలో ఉండి, ఆ ఉక్కలో కూర్చోని స్కాట్లండు నవల రాసినాడు. 1894 డిసెంబరు 3న సాయంత్రం చనిపొయినాడు, ఆ రోజు పొద్దున కూడా ఆ నవలే చెప్పి రాయించినాడు. ఆయన రాయంగా లేంది నేను రాస్తే తప్పా? లేకపోతే మా బావ మాటే నిజమా? తెలిసినోళ్ళు చెప్పండి.

పెన్నాగట్టు
మీ బావ మాటే నిజం. నేను నెల్లూరులోనే పుట్టి నెల్లూరులోనే ఉన్నా, పదేళ్ళ కిందటి మూలాపేట ఇప్పుడు నాకే గుర్తుపట్టేటట్టు లేదు. 11 ఏళ్ళు దూరంగా ఉన్నవాళ్ళకి ఎట్టా తెలుస్తుంది? పైగా స్టీవెన్సన్‌తో మనకి పోలికేంది? ఆయన తెల్లదొర. 300 ఎకరాలు కొని, నౌకర్లను పెట్టుకొని, మేడలో కూర్చొని రాశాడు.

మైపాడు అల
300 ఎకరాలా! సముద్రం పక్కనేనా?

పెన్నాగట్టు
314 ఎకరాలు. 1890లో కొన్నాడు. అపియా ఊరికి మూడు మైళ్ళ ఎగువన, కొండవార అడవిలో. వైలిమా అని పేరు.

అయివారు కావలి
ఎకరాల లెక్క సరే. ఆ మనిషి అక్కడికి ఎట్లా చేరాడో కూడా చెప్పుకోవాలి.

1850లో ఎడిన్‌బరోలో పుట్టాడు. పసితనం నుంచీ ఊపిరితిత్తుల జబ్బు. దగ్గితే నోట్లోంచి రక్తం పడేది. ఆ ఊరి చలిగాలి, తేమ ఆయనకు పడేవి కావు. స్విట్జర్లండులో దావోస్, ఫ్రాన్సు దక్షిణపు ఒడ్డు, ఇంగ్లండులో బోర్న్‌మత్, అమెరికాలో సారానాక్ సరస్సు. ఎక్కడ గాలి పడుతుందా అని తిరిగిన తిరుగుడే ఆయన సగం జీవితం. 1888 జూన్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కాస్కో అనే తెరచాప ఓడ బాడుగకు తీసుకొని, భార్య ఫానీ, ఆమె కొడుకు లాయిడ్, ముందు ఏడాదే భర్త పోయిన తన తల్లి, అందరినీ ఎక్కించుకొని పసిఫిక్‌లోకి దిగాడు. మార్కెసాస్ దీవులు, తాహితి, హవాయి. హవాయి రాజు కలకావాతో స్నేహం కుదిరింది. 1889లో మొలొకాయ్ దీవిలో కుష్ఠురోగులను ఉంచే చోట వారం రోజులు ఉండి వచ్చాడు. అక్కడి ఆడపిల్లలతో కలిసి బంతాట ఆడాడు. వాళ్ళ దగ్గరికి పోవడానికే జనం భయపడే రోజులవి. ఆ డిసెంబరులో సమోవా చేరాడు.

విచిత్రం ఏందంటే సముద్రం మీద ఆయనకు ఊపిరి ఆడింది. గుర్రమెక్కాడు, కత్తి పట్టుకొని అడవిలో కలుపు నరికాడు. 1890లో సిడ్నీకి పోగానే మళ్ళీ మంచాన పడ్డాడు. స్వదేశం సంగతి ఇక చెప్పేదేముంది? ఉండిపోక తప్పలేదు. డ్రైవరు తమ్ముడు అప్పు కోసం పోయాడు, ఆయన ఊపిరి కోసం పోయాడు. ఇద్దరిలో ఎవరూ సరదాకి పోలేదు పెన్నాగట్టు గారూ.

రామాయపట్నం లైటు
మా నాయన లైట్‌హౌసు కాడ పనిచేసినాడు కాబట్టి ఈ ముక్క చెప్పకుండా ఉండలేను. స్టీవెన్సన్ వాళ్ళది లైట్‌హౌసుల ఇల్లు. తాత రాబర్ట్, నాయన థామస్, పెదనాయనలు ఆలన్, డేవిడ్, అందరూ స్కాట్లండు చుట్టూ లైట్‌హౌసులు కట్టిన ఇంజినీర్లే. తాత కాలంలో సముద్రం మధ్య రాతి మీద కట్టిన బెల్ రాక్ దీపం 1811లో వెలిగింది, ఇప్పటికీ వెలగతానే ఉంది. ఈయన్ని కూడా ఇంజినీరింగులోనే పెట్టారు, ఒల్లనని బయటికొచ్చాడు. కానీ బోర్న్‌మత్‌లో తన ఇంటికి ఏం పేరు పెట్టుకున్నాడో తెలుసా? స్కెరీవోర్. ఆలన్ పెదనాయన కట్టిన లైట్‌హౌసు పేరు.

మైపాడు అల
ఇల్లు వద్దన్నవాడు ఇంటి పేరు తలుపు మీద రాసుకున్నాడు. భలే చెప్పారు అన్నా.

ఒంగోలు గిత్త
వైలిమా ఇంట్లో చలి కాచుకునే పొయ్యి, పొగగొట్టం కట్టించాడని ఎక్కడో చదివా. సమోవాలో చలేంది? నిజమేనా?

అయివారు కావలి
నిజమే. భూమధ్యరేఖకు అంత దగ్గరగా ఉండే చోట చలిమంట పొయ్యి. లోపల పెద్ద హాలుకు అమెరికా ఎర్రచెక్క తాపడం, పియానో, గోడల నిండా పుస్తకాలు. వరండాలో నిలబడితే కింద అడవి, దాని అవతల సముద్రం. ఇన్ని ఉన్నా ఆ పొయ్యి కావాల్సి వచ్చింది ఆయనకు.

వింజమూరు డ్రైవరు
ఈ పొయ్యి సంగతి నాకు తెలవదు. మా రూములో ఆత్మకూరతను ఒకడు ఉండాడు. బయట 48 డిగ్రీలు కాస్తా ఉంటే లోపల ఏసీ పూర్తిగా తగ్గించి, దుప్పటి ముసుగేసుకొని, "సంక్రాంతి ముందు మా ఊళ్ళో తెల్లారుజామున ఇట్టానే ఉంటది" అంటాడు. మేమంతా నవ్వేవోళ్ళం. ఇక నవ్వను.

కనిగిరి కతలు
ఆయన ఒంటరిగా ఎట్టా రాశాడు? మనకి నాలుగు పేజీలు రాస్తే ఎవరికన్నా వినిపించకపోతే నిద్ర పట్టదు. సమోవాలో తోటి రచయితలు ఎవరుంటారు?

అయివారు కావలి
మనుషులు లేరు, ఉత్తరాలు ఉన్నాయి. బోర్న్‌మత్‌లో ఉన్నప్పుడు నవలాకారుడు హెన్రీ జేమ్స్ తరచూ ఇంటికొచ్చి కూర్చునేవాడు, ఆయన కోసం ఒక కుర్చీ ప్రత్యేకంగా ఉండేది. ఆ స్నేహం సమోవా దాకా ఉత్తరాల్లో నడిచింది. 1888లో న్యూయార్కులో మార్క్ ట్వేన్‌తో కలిసి ఒక పార్కు బెంచీ మీద కూర్చొని మాట్లాడుకున్నాడు. వైలిమాకి వచ్చినవాళ్ళలో అమెరికా చరిత్రకారుడు హెన్రీ ఆడమ్స్, ఆయన వెంట చిత్రకారుడు లాఫార్జ్ ఉన్నారు. 1890లో. అప్పటికి మేడ లేదు, అడవి నరుకుతూ గుడిసెలో ఉన్నారు. బక్కచిక్కి, మాసిన బట్టల్లో ఉన్న ఈ దంపతుల్ని చూసి ఆడమ్స్ బిత్తరపోయి ఇంటికి ఉత్తరం రాశాడు. దొర మేడ అంటున్నారే, మొదలు అట్లా ఉంది. కిప్లింగు వద్దామనుకున్నాడు, రాలేకపోయాడు. పీటర్ పాన్ రాసిన జేమ్స్ బారీకి రమ్మని ఎన్నో ఉత్తరాలు రాశాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండానే స్నేహితులయ్యారు. బారీ వచ్చేలోపు ఈయన పోయాడు. 44 ఏళ్ళే.

కనిగిరి కతలు
చూడకుండానే స్నేహం అంటే మనమంతా ఇక్కడ చేస్తున్నది అదే కదా. నేను మీలో ఒక్కర్ని కూడా చూడలా.

ఒంగోలు గిత్త
ఒంగోలు రండి, అందర్నీ కొత్తపట్నం బీచ్‌కి తీసకపోతా. పెన్నాగట్టునీ అయివారినీ మాత్రం వేరే వేరే బండ్లలో.

చీమకుర్తి చిన్నమ్మి
డ్రైవరన్నా, మీ పోస్టు చూసి రాత్రి నిద్ర పట్టలేదు.

మా అమ్మ 1998లో కువైట్ పోయింది, ఇంటిపనికి. నేను రెండో తరగతి. ఫోను చేస్తే డబ్బులని టేపురికార్డరు ముందు కూర్చొని మాట్లాడి, ఊరొచ్చే వాళ్ళ చేత క్యాసెట్టు పంపేది. దాంట్లో అంతా మా సంగతే. బర్రె ఈనిందా, వేపచెట్టు ఉంచారా కొట్టారా, నీ జడ ఎవరేస్తున్నారు, అమ్మమ్మ మోకాలు ఎట్టా ఉంది. ఆమె ఎట్టా ఉందో ఒక్క మాట ఉండేది కాదు. నాకు ఆ వయసులో అమ్మ అక్కడ హాయిగా ఉందనే అనిపించేది.

ఆ క్యాసెట్లు 23 ఉన్నాయి నా దగ్గర. ఇప్పుడు వింటే నాకు అమ్మ మాటలకన్నా వెనక వచ్చే చప్పుళ్ళు వినపడతాయి. గిన్నెలు కడిగే చప్పుడు, ఎవరో అరబ్బీలో కేకేయడం, వెంటనే అమ్మ గొంతు తగ్గించడం. ఒక దాంట్లో మధ్యలో ఆపేసి, మళ్ళీ మొదలుపెట్టినప్పుడు గొంతు మారిపోయి ఉంటుంది. ఏం జరిగిందో ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. నాలుగేళ్ళ కిందట చనిపోయింది.

ఊరి నవల రాయండి, వద్దనను. మా అమ్మ కూడా ఊరి గురించే మాట్లాడింది. కానీ మీరున్న చోటు ఎవరు రాస్తారు అన్నా? ఆ వెనక చప్పుడు ఎవరు రాస్తారు?

వింజమూరు డ్రైవరు
చిన్నమ్మా... బండి పక్కకి ఆపి చదివినా. మళ్ళీ రాస్తా.

పెన్నాగట్టు
చిన్నమ్మి గారు నా మాటే ఇంకా బాగా చెప్పారు. నా అభ్యంతరం ఇదే. పోయిన చోటును వదిలేసి, వదిలిన చోటు కోసం ఏడవడం. స్టీవెన్సన్ కూడా అంతే కదా, సమోవాలో కూర్చొని స్కాట్లండు తలుచుకున్నాడు. చుట్టూ ఉన్న ఆ జనం ఆయనకి కనపడ్డారా?

అయివారు కావలి
కనపడ్డారు. ఇక్కడ మిమ్మల్ని గట్టిగా కాదంటాను.

అప్పుడు సమోవా మీద జర్మనీ, బ్రిటన్, అమెరికా మూడూ కన్నేసి ఉన్నాయి. రాజు పదవికి పోటీపడే వాళ్ళను తలా ఒక వైపు నుంచి ఎగదోసేవి. 1889 మార్చిలో అపియా రేవులో ఆ మూడు దేశాల యుద్ధనౌకలు ఎదురెదురుగా నిలబడి ఉండగా తుఫాను వచ్చింది. ముందు నువ్వు పో అంటే నువ్వు పో అని ఎవరూ రేవు వదల్లేదు. జర్మనీ, అమెరికా ఓడల్లో కొన్ని మునిగాయి, మిగతావి కొట్టుకుపోయి ఒడ్డున పడ్డాయి. బ్రిటిషు వాళ్ళ కాలియోప్ ఒక్కటే ఎదురుగాలిలో సముద్రంలోకి పోయి బతికింది. నేను 1989 నవంబరులో కావలిలో ఉన్నాను. ఆ రాత్రి మా బడి పైకప్పు రేకులు ఎక్కడికి పోయాయో తెల్లారినా దొరకలేదు. ఇంచుమించు నూరేళ్ళ తేడా. అపియా తుఫాను గురించి చదివినప్పుడు నాకు అది పరాయి ఊరు అనిపించలేదు.

ఆ గొడవలన్నీ స్టీవెన్సన్ 1892లో పుస్తకంగా రాశాడు. తెల్ల అధికారుల తప్పులు విప్పి లండన్ టైమ్స్ పత్రికకి వరసగా ఉత్తరాలు రాశాడు. తన దేశపు కాన్సులుకే కోపం తెప్పించాడు. రాజు పదవికి పోటీపడిన మతాఫా పక్షం పెద్దల్ని జైల్లో పెడితే వాళ్ళకి తిండి, పొగాకు తీసుకుపోయాడు. 1894లో విడుదలై వచ్చినవాళ్ళు ఏం చేశారు? ఎవరూ అడగకుండా, కూలి తీసుకోకుండా ఆయన ఇంటికి రోడ్డు వేశారు. ప్రేమగల మనసుల బాట అని దానికి పేరు. ఇంకో రెండు నెలల్లో ఆయన పోయాడు. మరుసటి రోజు సమోవా జనమే వేయా కొండ మీదికి అడవి కొట్టి దారి చేసి, శవపేటికను భుజాల మీద మోసుకుపోయారు. దొరను జనం అట్లా మొయ్యరండీ.

ఇంకొకటి. సీసాలో భూతం కథ ఒకటి రాశాడు. అది సమోవా భాషలో 1891లో మిషనరీల పత్రికలో వచ్చింది. ఆ జనం తమ భాషలో చదువుకున్న మొదటి కల్పిత కథల్లో అది ఒకటి. కథ అంటే జరిగిందే అనుకునే వాళ్ళు, ఇంటికొచ్చి ఆ సీసా ఎక్కడ పెట్టావు, చూపించమని అడిగారట. టుసిటాలా అని పిలిచేవాళ్ళు ఆయన్ని. కతలు చెప్పేవాడు అని అర్థం.

మైపాడు అల
టుసిటాలా. కతలయ్య. మన పక్కన పుట్టుంటే అట్టానే పిలిచేవోళ్ళం.

పెన్నాగట్టు
రోడ్డు సంగతి నాకు తెలియదు, ఒప్పుకుంటా. అయినా భూమి భూమే, నౌకర్లు నౌకర్లే, ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ కళ్ళు మూసుకొని కూర్చోలేదని మాత్రం ఇప్పుడు తెలిసింది.

కందుకూరు ట్యూషన్
స్టీవెన్సన్ దగ్గరే ఆగిపోయారు అందరూ. ఊరి గురించి దూరం నుంచి రాసినవాళ్ళలో నాకు దగ్గరైనవాడు ఐర్లండు నవలాకారుడు జేమ్స్ జాయిస్. ఎందుకంటే ఆయనా నాలాగ ట్యూషన్లు చెప్పుకొని బతికినవాడే.

1904లో 22 ఏళ్ళకి తన ఊరు డబ్లిన్ వదిలాడు. ట్రియెస్ట్ అనే రేవు పట్నంలో ఇంగ్లీషు చెప్పుకుంటూ పదేళ్ళు. ఇప్పుడది ఇటలీలో ఉంది, అప్పుడు ఆస్ట్రియా రాజ్యం. ఎప్పుడూ బాడుగ బాకీ, ఇల్లు మారడం. ఆయన దగ్గరికి 1907 ప్రాంతంలో ఒక వ్యాపారి ఇంగ్లీషు నేర్చుకోవడానికి వచ్చాడు. ఓడ అడుగుకు నాచు పట్టకుండా పూసే రంగు తయారుచేసే కంపెనీ, అత్తగారి వాళ్ళది. వయసులో జాయిస్ కన్నా 20 ఏళ్ళు పెద్ద. ఒకరోజు సిగ్గుపడుతూ, నేనూ ఎప్పుడో రెండు నవలలు రాశాను, ఎవరూ పట్టించుకోలేదు, మానేశాను అని పుస్తకాలు చేతికిచ్చాడు. పాతికేళ్ళ అయివారు అవి చదివి, మీరు గొప్ప రచయిత, మీకే తెలియదు అన్నాడు. ఆ పెద్దాయనే ఇటాలో స్వేవో. మళ్ళీ కలం పట్టి 1923లో మూడో నవల వేశాడు. దాన్ని కూడా ఎవరూ కన్నెత్తి చూడకపోతే జాయిస్ పారిస్‌లో తనకు తెలిసిన విమర్శకులకి చేర్చి చదివించాడు. 60 దాటాక పేరొచ్చింది. డ్రైవరన్నా, రెండు నెలలు రాయలేదని దిగులు పడుతున్నారు, ఆయన పాతికేళ్ళు ఒక్క నవలా వెయ్యలేదు.

ఇక మీ అసలు ప్రశ్న. జాయిస్ నవల యులిసిస్ మొత్తం డబ్లిన్ మీదే, ఒక్క రోజు కథ. రాసింది ట్రియెస్ట్, జూరిక్, పారిస్‌లలో. గుర్తున్నంత వరకే రాశాడా? లేదు. డబ్లిన్‌లో ఉన్న జోసఫీన్ అత్తకి ఉత్తరాలు రాసి ప్రాణం తీసేవాడు. 1921లో ఒక ఉత్తరంలో, ఎకిల్స్ వీధిలో ఏడో నంబరు ఇంటి ముందు ఇనప కమ్మీలున్నాయి కదా, మామూలు మనిషి అవి దాటి, వేలాడి, కిందికి దూకితే దెబ్బ తగలకుండా దిగగలడా చూసి చెప్పు అని అడిగాడు. నవల్లో ఒక మనిషి తాళంచెవి మరచిపోయి అట్లా దిగాలి. అంతే. ఆ ఒక్క దూకుడు కోసం.

ఊరు మూటగట్టి ఎత్తకపోయావు అని మీ బావ అంటే మూట విప్పి ఆయన్నే అడగండి.

రామాయపట్నం లైటు
ఇదీ మాట. మా ఊళ్ళో ఇప్పుడు పోర్టు పనులు జరుగుతున్నాయి. మా నాయన కాలపు ఒడ్డు గురించి నేను ఇక్కడే ఉండి కూడా రాయలేను, పాత జాలర్లని అడగాల్సిందే. ఉన్నోడైనా పోయినోడైనా అడక్కపోతే రాయలేడు.

చీమకుర్తి చిన్నమ్మి
జాయిస్ వాళ్ళ అత్త పాపం. కానీ ఆమెకి ఎంత సంతోషంగా ఉండుంటుందో. దూరాన ఉన్న పిల్లాడు వేపచెట్టు గురించి అడిగితే మనకి కోపం రాదు.

వింజమూరు డ్రైవరు
అన్నీ రెండేసి సార్లు చదివినా.

చిన్నమ్మా, నీకు మాట ఇస్తా ఉండాను. ఈ నవల తర్వాత కాదు, దీంట్లోనే కువైట్ వస్తది. ఇప్పటిదాకా దాచినా. నా నవల్లో పిలకాయ ఊళ్ళో పెద్దోడై ఆగిపోతాడు. బండిలో కూర్చోని ఫోన్లో రాసేవోడు యాడా లేడు. సిగ్గేసి పెట్టలా. వాణ్ణి పెడతా. మీ అమ్మ క్యాసెట్టులో గొంతు తగ్గించింది కదా, ఆ చప్పుడు నాకు తెలుసు. మేము కూడా ఫోన్లో అట్టానే తగ్గిస్తాం.

ఇక కందుకూరన్న చెప్పిన పద్ధతి. మా ఊరు దుత్తలూరుకి ఇవతల. ఆ పక్కోళ్ళు ఎవరన్నా ఉంటే ఒక పని చేసిపెట్టాల. చెరువు కట్ట మీద పాత తూము కాడ నిలబడితే పడమట ఉదయగిరి దుర్గం కనపడుద్ది. ఒక సీనులో పిలకాయ తూము మెట్ల మీద కూర్చోని ఉంటే కొండ నెత్తిన పొద్దు గుంకుద్ది. నెల మార్గశిరం. నేను గుర్తుమీద రాసినా. నిజంగా ఆ నెలలో కొండ మీదే గుంకుద్దా? ఇంకొకటి, తూముకి మెట్లు మూడా?

దుత్తలూరు సెంటర్
నేనుండా. మాకు అరగంట బండి దారి. రేపు ఆదివారం సాయంత్రం పోతా.

పెన్నాగట్టు
ఫోటో తీసి పెట్టండి, మేమూ చూస్తాం.

దుత్తలూరు సెంటర్
పోయొచ్చినా. కట్ట మీద కంపచెట్లు బాగా పెరిగినాయి, తూము కాడ నిలబడితే కొండ సగమే కనపడుద్ది. నాలుగడుగులు ఉత్తరానికి జరిగితే పూర్తిగా అగపడతది. నీ పిలకాయ చిన్నప్పుడు చెట్లు లేవు కాబట్టి ఇబ్బంది లేదనుకుంటా.

పొద్దు కొండ మీద గుంకలేదు. ఎడం పక్కకి బాగా జరిగి, చదును కాడ దిగింది. అక్కడ గొర్లు తోలకపొయ్యే తాత ఉంటే అడిగినా. చలికాలమంతా అంతే, ఉగాది నాటికి మళ్ళీ కొండ నెత్తికి వస్తాడు సూర్యుడు అన్నాడు. కాబట్టి నెలన్నా మార్చుకో, పొద్దన్నా మార్చుకో.

ఫోటో తీస్తా ఉంటే ఒకాయన వచ్చి యాడి నుంచి వచ్చినావు, ఈ తూమును ఫోటో తీస్తా ఉండావేంది అని అడిగినాడు. సంగతి చెప్పినా. మీ బావేనంట. కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత తనే దిగి, నీళ్ళలో కాలుపెట్టి తడిమి చూసి, "మూడు కాదు, ఐదు. కింద రెండు పూడికలో ఉండాయి. నేనూ వాడూ చిన్నప్పుడు ఐదో మెట్టు మీద నించొని ఈత నేర్చుకున్నాం, మర్చిపొయినాడా అని అడుగు" అన్నాడు.

వింజమూరు డ్రైవరు
ఐదు. మార్చినా. పొద్దు కూడా మార్చినా, చదును కాడ దించినా. బావకి ఫోన్ చేస్తా ఉండాను.